సముద్రం కనిపించని సైటే తీసుకోండి

ఫ్లోరిడాకో టెక్సస్ తీరానికో ఆర్వీ వేసుకుని వెళ్తున్నామంటే చాలు, అందరూ ఒకే మాట చెబుతారు. నీళ్లకు ఆనుకున్న సైటు పట్టండి, స్విమ్మింగ్ పూల్ ఉందో లేదో చూసుకోండి, పిల్లల సెలవులకు ముందే బుక్ చేసేయండి అని. డాలస్, హ్యూస్టన్, అట్లాంటాల్లో ఉన్న మన కుటుంబాలు ఈ మాటలు పట్టుకునే బయల్దేరుతున్నాయి. వీటిలో ఒక్కటి కూడా నేను ఒప్పుకోను. వెచ్చటి తీరంలో బస ఎంచుకునేవాళ్లకు నేను చెప్పేవి తలకిందుల సలహాల్లా వినిపించవచ్చు. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ బండిలో పడుకునేది మీ పిల్లలు, మీ అమ్మానాన్నలు.

1. నీళ్లకు అన్నిటికంటే దూరంగా ఉన్న సైటు అడగండి

బీచ్‌కి పది నిమిషాలు నడిస్తే కాళ్లేమీ అరిగిపోవు. ఒడ్డునే దిగితే మాత్రం రాత్రీ పగలూ ఉప్పుగాలి బండి మీదే కొడుతుంది. మెట్ల బోల్టులు, ఏసీ రేకులు తుప్పు పడతాయి. నీడ ఉండదు, గాలికి అడ్డూ ఉండదు. నీడ కోసం బండి ఆనింగ్ తెరిచి షికారుకి వెళ్లారంటే, ఒక్క ఈదురుగాలికి అది విరిగిపోవచ్చు. లోపలి వరసల్లో చెట్ల కింద ఆగిన బండిలో మధ్యాహ్నం కూడా మనిషి కునుకు తీయగలడు.

అసలు భయం వేరే ఉంది. 2022 సెప్టెంబర్ 28న ఇయన్ హరికేన్ వచ్చినప్పుడు ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో ఉప్పెన నేలమీద 10 నుంచి 15 అడుగుల ఎత్తున లేచింది. ఇసుకనానుకుని ఉన్న రెడ్ కోకోనట్ ఆర్వీ పార్క్ తుడిచిపెట్టుకుపోయింది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి విని పెరిగిన మనకు, తుఫానులో ప్రాణాలు తీసేది నీళ్లేనని ఇంకొకరు చెప్పాలా?

2. లోపలికి వెళ్లే దారి కంటే ముందు, బయటికి వచ్చే దారి చూడండి

అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు మ్యాపు తిరగేసి చదవాలి. ఫ్లోరిడా కీస్ ద్వీపాల అందాన్ని కాదనను. కానీ కీ వెస్ట్ వైపు నుంచి బయటపడాలంటే ఓవర్సీస్ హైవే ఒక్కటే గతి. తుఫాను వస్తోందంటే అక్కడ ముందుగా ఖాళీ చేయించేది పర్యాటకుల్ని, ఆర్వీలని. గాల్వెస్టన్‌లో 1900 సెప్టెంబర్ 8 నాటి తుఫాను వేలమందిని పొట్టన పెట్టుకున్నాక 17 అడుగుల సముద్రపు గోడ కట్టారు. అక్కడి స్టేట్ పార్కు ఆ గోడ దాటాక, పడమటి వైపున ఉంటుంది. 2008లో ఐక్ హరికేన్ దాని బీచ్ వైపు కట్టడాలన్నిటినీ పాడుచేసింది. అక్కడికి వెళ్లొద్దనను, అది మంచి చోటే. ఆ నెలల్లో దూర ద్వీపాలకు వెళ్లకుండా, రెండు దారులున్న చోట దిగమంటున్నాను.

3. ఎవరికీ అక్కర్లేని బాత్‌హౌస్ పక్క సైటు మీరు తీసుకోండి

రాత్రంతా లైటు వెలుగుతుందని, తలుపుల చప్పుడని జనం ఆ సైటు వదిలేస్తారు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు రాత్రి రెండింటికి లేస్తే ఆ లైటే ఆసరా. ఆర్వీ స్నానాలగదిలో అమ్మ మోచేతులు గోడలకు తగులుతాయి. బకెట్టూ చెంబూ పెట్టుకోవడానికి చోటుండదు. ఇంటిల్లిపాదీ లోపలే స్నానాలు చేస్తే, సీవర్ కనెక్షన్ లేని సైటులో మురుగునీటి ట్యాంకు చూస్తుండగానే నిండిపోతుంది. బయటి బాత్‌హౌస్ వాడితే ఈ బాధ లేదు. లైటు కంటపడకుండా ఒక దళసరి కర్టెన్ తీసుకెళ్లండి, సరిపోతుంది.

4. సముద్రం ఫొటో వద్దు, కరెంటు పెట్టె ఫొటో పంపమనండి

అద్దె బళ్లలో చాలావరకు 30 ఆంప్ కనెక్షనే ఉంటుంది. 120 వోల్టుల దగ్గర అది 3,600 వాట్లు. ఏసీ దాదాపు 1,500, మైక్రోవేవ్ దాదాపు 1,500, ఇన్‌స్టంట్ పాట్ 1,000. మూడూ ఒకేసారి నడిపితే బ్రేకర్ పడిపోతుంది. పప్పు ఉడకదు, ఏసీ ఆగిపోతుంది, పిల్లలు చెమటతో లేస్తారు. చాలా పార్కుల్లో ఆ పెట్టెలోనే విడిగా 20 ఆంప్ సాకెట్ కూడా ఉంటుంది. కుక్కర్‌ని దానికి తగిలించి పిక్నిక్ టేబుల్ మీద పెట్టండి. తాలింపు వాసన లోపలి పరుపులకు పట్టదు, ఏసీ మీదా భారం పడదు. వర్షం వస్తే మాత్రం వెంటనే తీసేయాలి.

5. బడి మానిపించి తీసుకెళ్లండి

చదువు పాడవుతుందని కంగారు పడకండి. జనవరి నుంచి మార్చి దాకా చలి ప్రాంతాల నుంచి వచ్చే స్నోబర్డ్స్ పార్కులన్నీ నింపేస్తారు, వాళ్లకు మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ తోడవుతుంది. ఫ్లోరిడా స్టేట్ పార్కుల్లో 2024 నుంచి ఆ రాష్ట్రవాసులు 11 నెలల ముందు, మిగతావాళ్లు 10 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. అంటే సెలవు రోజుల పోటీలో బయటివాళ్లు నెల వెనకే ఉన్నారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్లండి. దక్షిణ ఫ్లోరిడాలో వానలు మే మధ్యలో మొదలవుతాయి, హరికేన్ల కాలం ఇంకా రాదు. పిల్లలకు పోయేది రెండు రోజుల బడి. తాతయ్య చెయ్యి పట్టుకుని అలల్లో నడిచే ఆ రోజుల్ని ఏ బడీ ఇవ్వదు.

6. పూల్ చూడొద్దు, సాయంత్రం కదలకుండా నిలబడి చూడండి

మడ అడవులు, ఉప్పు చిత్తడి నేలలు ఉన్న చోట నో-సీ-అమ్స్ పుడతాయి. కంటికి ఆనని ఈ పురుగులు మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతాయి. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు కుడతాయి. గాలికి ఎగరలేవు కాబట్టి ఒక టేబుల్ ఫ్యాన్ వాటికి మంచి విరుగుడు. చేరిన రోజే సూర్యాస్తమయం వేళ ఆ సైటులో కాసేపు ఊరికే నిలబడండి. కాళ్లు గోక్కోవాల్సి వస్తే ఇంకో సైటు అడగండి. సముద్రానికి దూరంగా జరగమన్నానని మడ చెట్ల పక్కన మాత్రం దిగకండి.

ఇక ఆఖరి మాట. బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. పోయిన తుఫానుకు మీ పార్కులో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి? మీది ఏ ఎవాక్యుయేషన్ జోన్? ఖాళీ చేయమంటే మా డబ్బు వెనక్కిస్తారా? గల్ఫ్ వైపైతే, ఈ వారం రెడ్ టైడ్ (సముద్రంలో పెరిగే విషపు నాచు) ఉందా? ఆస్తమా ఉన్నవాళ్లకు రెడ్ టైడ్ గాలి తగిలితే దగ్గు ఆగదు. మొదటి మూడింటికి తడుముకోకుండా చెప్పి, నాలుగోదానికి కనుక్కుని చెబుతామన్న పార్కు చిన్నదైనా, పాతదైనా, సముద్రం కనబడకపోయినా, డబ్బు దానికే కట్టండి.