బొగ్గుమేని వీణ: ఒక చాటువుకు టీకా తాత్పర్యం

అవతారిక

ఈ చాటువు కర్త తన పేరు చెప్పుకోలేదు. చెప్పుకుంటే గిటారు కంపెనీ మనిషి అనుకుంటారని జంకి ఉండవచ్చు. వక్త విశాఖపట్నంలో ఉండే మేనమామ. శ్రోత మిన్నియాపొలిస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడు. అల్లుడు సంక్రాంతికి ఇంటికి వస్తూ గిటారు వెంట తెచ్చుకోవాలనుకున్నాడు. చెక్కది తెస్తే దారిలోనే పాడవుతుందేమోనని భయం. "కార్బన్ ఫైబర్‌ది కొనమంటావా మావయ్యా?" అని ఫోనులో అడిగాడు. మావయ్య ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, ఆటవెలదిలో జవాబిచ్చాడు. ఛందస్సు వచ్చిన మేనమామలతో ఇదే చిక్కు.

పద్యం

వానఁ దడవ దెండ వంగదు పగులదు
బొగ్గుమేని వీణ; భుజము కెక్కు;
విరుగని మెడ కన్న విడివడు మెడ మేలు,
గాలియోడ గూటి గడప యిఱుకు.

ప్రతిపదార్థం

బొగ్గుమేని వీణ = కార్బన్ ఫైబర్‌తో చేసిన అకౌస్టిక్ గిటారు; వానన్ = వానలో; తడవదు = నానదు; ఎండన్ = ఎండకు; వంగదు = వంపు తిరగదు; పగులదు = బీట ఇవ్వదు; భుజముకు ఎక్కు = భుజాన వేసుకోవడానికి వీలుగా ఉంటుంది; విరుగని మెడ కన్న = ఎంత మోదినా విరగని మెడ కంటె; విడివడు మెడ = ఒంటి నుంచి ఊడి వచ్చే మెడ; మేలు = మంచిది; (ఏలనన) గాలియోడ = విమానం యొక్క; గూటి గడప = తల మీది సామాన్ల అర వాకిలి; ఇఱుకు = ఇరుకైనది.

వ్యాఖ్య

ముందు "వానఁ దడవదు" సంగతి. మాటకు మాట అర్థం చెబితే ఇది అబద్ధం. వానలో పెడితే ఏ వస్తువైనా తడుస్తుంది. కవి ఉద్దేశం పైన తడవడం కాదు, లోపల నానడం. చెట్టును కొట్టి, కోసి, పాలిష్ పెట్టి వందేళ్ళయినా దాని చెక్క గాలిలోని తేమను తాగడం మానదు, కక్కడం మానదు. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటేనే చెక్క గిటారుకు సుఖం. మిన్నియాపొలిస్‌లో జనవరి నెల హీటర్ వేసిన ఇంట్లో అది 20 శాతం దగ్గరికి పడిపోవడం మామూలే. విశాఖ సముద్రపు గాలిలో 70 దాటుతుంది. ఆరినప్పుడు చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది: పై పలక కుంగుతుంది, ఫ్రెట్ల కొనలు పక్కలకు పొడుచుకొచ్చి వేళ్ళు గీరుతాయి, ఇంకా ఆరితే పలక నిలువునా బీటవారుతుంది. నానినప్పుడు పలక ఉబ్బి, తీగలు మెడ మీద నుంచి పైకి లేచి, నొక్కడానికి బలం చాలదు. అల్లుడు విమానంలో ఉన్న ఒక్క రోజులో గిటారు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళాలి. బొబ్బిలి వీణ వాయించేవాళ్ళకు ఈ బాధ కొత్త కాదు. అది పనస చెక్క. మెట్లు నిలబడేది మైనం మీద. ఎండల్లో మైనం మెత్తబడితే మళ్ళీ మేళం కట్టించుకోవలసిందే.

బొగ్గుమేనికి ఈ దాహం లేదు. ఈ సంగతి కనిపెట్టి సొమ్ము చేసుకున్నవాళ్ళలో జాన్ డెకర్ అనే భౌతిక శాస్త్రవేత్తను ముందు చెప్పుకోవాలి. హవాయి దీవుల్లో మావీ మీద ఉండేవాడు. వానా ఎండా ఉప్పుగాలీ కలిసి చెక్క వాద్యాల్ని చంపే చోటు అది. అక్కడ పుట్టిన ఆయన కంపెనీకి రెయిన్‌సాంగ్ అని పేరు. మన కవి పద్యాన్ని వానతోనే ఎత్తుకోవడం కాకతాళీయం అనుకోను. డెకర్ కంటె ముందే చెక్కను వదిలించుకునే ప్రయత్నం చేసినవాడు చార్ల్స్ కామన్; కనెక్టికట్‌లో హెలికాప్టర్లు చేసేవాడు. 1966లో ఒవేషన్ పేరుతో గుండ్రటి ఫైబర్‌గ్లాసు వీపున్న గిటారు తెచ్చాడు. 1976లో అడమాస్ అనే గిటారుకు పై పలకలోకే కార్బన్ దారాలు ఎక్కించాడు. గిటారులో ఇంత మార్పు తెచ్చింది వడ్రంగులు కాదు, హెలికాప్టర్ మనిషీ భౌతిక శాస్త్రవేత్తానూ.

"ఎండ వంగదు": ఇక్కడ కవి కాస్త ఎక్కువ మాట్లాడాడు. కార్బన్ దారం వంగకపోవచ్చు గానీ దాన్ని పట్టి ఉంచే ఎపాక్సీ రెసిన్‌కు ఒక హద్దు ఉంది. ఆ వేడి దాటితే మెత్తబడుతుంది. అందులోనూ నల్లటి వస్తువు. మే నెలలో విజయవాడ బస్టాండు బయట, అద్దాలు బిగించిన కారు వెనక సీట్లో మధ్యాహ్నమంతా వదిలేసి వస్తే, గిటారు వంగకపోయినా దాన్ని పట్టుకున్న చెయ్యి కాలుతుంది. లోపలి పికప్పూ, బ్యాటరీ, అంటించిన చిన్న చిన్న భాగాలూ కార్బన్‌వి కావు. పైగా తీగలు ఉక్కువి. వేడికి అవి సాగుతాయి, శ్రుతి దిగుతుంది. బొగ్గు గిటారుకు శ్రుతి చెయ్యక్కర్లేదని దుకాణంలో ఎవరైనా అంటే వినయంగా నవ్వి ఊరుకోవాలి.

"పగులదు" అన్నది మరీ సాహసం. చెక్క పగిలే తీరున పగలదు అనుకుంటే సరే. కానీ పదునైన అంచు మీద పడితే కార్బన్ పలకలో పొరలు లోలోపలే విడిపోవచ్చు. పైకి గీత కూడా కనపడదు. చెక్క గిటారు బీట ఇస్తే జిగురూ క్లాంపులూ ఉన్న మంచి పనివాడు అతుకుతాడు, వినేవాళ్ళకు తేడా తెలియదు. కార్బన్‌ది అతికేవాడు మన ఊళ్ళలో దొరకడం కష్టం.

"బొగ్గుమేని": ఈ విశేషణం ఎగతాళి కాదు, అక్షర సత్యం. పాలీఆక్రిలోనైట్రైల్ అనే దారాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చితే మిగిలేది దాదాపు అంతా బొగ్గే. 1960ల మొదట్లో జపానులోని ఒసాకాలో అకియో షిండో ఈ దారి వేశాడు. ఒక్కో దారం మందం 5 నుంచి 7 మైక్రాన్లు మాత్రమే. వాటిని బట్టలా నేసి, రెసిన్‌లో తడిపి, అచ్చులో పొరల మీద పొరలు వేసి ఉడికిస్తే గిటారు ఒళ్ళు తయారు. ఇక్కడ కొనేవాడు జాగ్రత్తగా చూడవలసిన భేదం ఒకటుంది. ప్లాస్టిక్‌లో తరిగిన కార్బన్ తునకలు కలిపి అచ్చుపోసిన గిటార్లనూ ఇదే పేరుతో అమ్ముతున్నారు. చవక, గట్టి, వానకు పనికొస్తాయి, పిల్లలకు ఇవ్వచ్చు. కానీ నేసిన పొరల గిటారు మోతతో వాటికి పోలిక లేదు. పెట్టె మీద "కార్బన్" అన్న మాట చూసి డబ్బు కట్టకండి. పొరలు వేసినదా, అచ్చు పోసినదా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ దుకాణంలో ఇంక నిలబడవద్దు.

మోత గురించి దారువాదులకూ అంగారవాదులకూ తగవు తెగలేదు. చెక్క తన లోపలే కొంత ధ్వనిని మింగేస్తుంది, ఆ మింగడంలోనే తియ్యదనం ఉందని దారువాదుల మతం. కార్బన్ అంత మింగదు; స్వరం స్ఫుటంగా లేచి ఎక్కువ సేపు నిలుస్తుంది, పెద్ద తీగల మీద స్పష్టత బాగుంటుంది అని అంగారవాదులు. రెయిన్‌సాంగ్ పలక కింద చెక్క గిటారులో ఉండే అడ్డకట్టెలే లేవు, పలక పొరల్లోనే ఆ బలం ఉంది. విస్కాన్సిన్‌లోని మెక్‌ఫెర్సన్ వాళ్ళు ధ్వని రంధ్రాన్నే మధ్య నుంచి తీసి పక్కకు పెట్టారు. రెండు మతాల్లోనూ నిజం ఉంది గానీ, దారువాదుల ఇంకో వాదం మాత్రం నేను ఒప్పుకుంటాను: చెక్క వాయించగా వాయించగా తెరుచుకుంటుందంటారు. బొగ్గు మొదటి రోజు ఎలా మోగిందో పదేళ్ళ తర్వాతా అలాగే మోగుతుంది. అందుకని కొనే రోజునే చెవికి నచ్చాలి. తర్వాత బాగుపడుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

ఇక్కడ ఇంకో లాభం కవి చెప్పలేదు, వ్యాఖ్యాతగా నేను చేరుస్తున్నాను. గిటారు వెనక పలకకు పేరున్న చెక్క రోజ్‌వుడ్. మన దక్షిణాది అడవుల్లోదీ అందులో ఉంది. 2017 జనవరిలో ఆ జాతి చెట్లన్నీ, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందికి వచ్చాయి. 2019 చివర్లో తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చేదాకా, వాటిని సరిహద్దు దాటించి అమ్మేవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు ఇప్పటికీ లేదు. బొగ్గుకు ఏ అడవీ పత్రం అడగదు.

శంక: గిటారును వీణ అనవచ్చునా? సమాధానం: అనవచ్చు. విశ్వమోహన్ భట్ గిటారునే మార్చి మోహన వీణ అని పిలుచుకున్నాడు, దానితోనే 1994లో గ్రామీ తెచ్చుకున్నాడు. లోకం ఒప్పుకుంది, మేనమామ ఒప్పుకోకపోవడానికి కారణం లేదు.

"భుజము కెక్కు": వ్యాకరణం ప్రకారం "భుజమునకు" అనాలి. గణం కోసం కవి నకారం మింగేశాడు; చిన్నయ సూరి చూడలేదు కనుక సరిపోయింది. భావం మాత్రం లోతైనది. పూర్తి సైజు కార్బన్ గిటారు రమారమి 2 కిలోలు తూగుతుంది. మంచి చెక్క గిటారూ అంతే. మరి తేలిక ఎక్కడ? పెట్టెలో. చెక్క గిటారుకు గట్టి పెట్టె తప్పదు. ఆ పెట్టె ఒక్కటే 4, 5 కిలోలు. మన దేశంలో ఎకానమీ టికెట్టు మీద చేతి సంచికి మామూలుగా ఇచ్చేది 7 కిలోలు. అంటే చెక్క గిటారు పెట్టెలో ఎక్కితే అల్లుడి బట్టలకు మిగిలేది సున్నా. బొగ్గుది పలచని గిగ్ బ్యాగులో భుజాన వేసుకుని వెళ్ళిపోవచ్చు. కార్బన్‌కు ఇచ్చే డబ్బు నిజానికి పెట్టె మొయ్యకుండా ఉండటానికి ఇచ్చే డబ్బు అని నా అభిప్రాయం.

ఇక పద్యానికి ప్రాణం మూడో పాదం. "విరుగని మెడ": గిటారు మెడ మీద తీగల లాగుడు ఆరూ కలిపి 70 కిలోలు దాటుతుంది. దానికి తోడు సామాన్లు విసిరేవాళ్ళ చెయ్యి. కెనడా గాయకుడు డేవ్ కరోల్ తన టేలర్ గిటారు యునైటెడ్ విమానంలో విరిగిందని, నెలల తరబడి పరిహారం అడిగి రాక, 2009 జూలైలో ఒక పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. లక్షల మంది విన్నారు. ఆ పాట విన్న ప్రతివాడూ విరగని గిటారు కోసం వెతికాడు. మావయ్య అంటున్నది అది తప్పు వెతుకులాట అని. ఎందుకంటే విరగని గిటారునైనా కౌంటరు దగ్గర చేతిలోంచి లాక్కుంటే అది సామాన్ల కడుపులోకే పోతుంది. బొగ్గు వానను గెలుస్తుంది గానీ టేపు కొలతను గెలవదు.

అమెరికాలో 2012 నాటి చట్టం, దాన్ని అమలు చేస్తూ 2015లో వచ్చిన రవాణా శాఖ నియమం ఏమంటాయంటే, గిటారు లాంటి చిన్న వాద్యం పై అరలో గానీ సీటు కింద గానీ పట్టి, మనం ఎక్కేసరికి అక్కడ జాగా ఉంటే, విమాన సంస్థ కాదనకూడదు. ఇందులో బరువంతా "ఉంటే" మీద ఉంది. చివర ఎక్కేవాడికి చట్టం ఉండీ లేనట్టే. కాబట్టి ముందు ఎక్కే వరసకు నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టడం గిటారు బీమా కింద రాసుకోవాలి. మన దగ్గర చేతి సంచి కొలత సుమారు 55 సెంటీమీటర్ల పొడవు. పూర్తి గిటారు 100 దాటుతుంది. పెద్ద విమానాల అరల్లో నిలువుగా పెడితే గిటారు పట్టేస్తుంది, గేటు దగ్గరి మనిషి మనసు మంచిదైతే. హైదరాబాద్ నుంచి చిన్న ఊళ్ళకు తిరిగే ఏటీఆర్ 72లో ఆ మంచి మనసు కూడా పనికిరాదు. అర అంత చిన్నది. "గూటి గడప" అన్న కవి ఆ విమానం ఎక్కే ఉంటాడు.

అందుకే "విడివడు మెడ". యూటా రాష్ట్రంలో మొదలైన క్లోస్, మెడ ఊడదీసి వీపు సంచిలో పెట్టుకునే గిటార్లకు పేరుపడ్డ జర్నీ లాంటివి చేసే పని ఇదే: మెడ ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు, రెండూ కలిపి మామూలు చేతి సంచి. కొన్నిటికి ఒక మీట నొక్కితే చాలు, కొన్నిటికి మరలు విప్పాలి. మరలు విప్పేదైతే ఆ పనిముట్టు సెక్యూరిటీ దగ్గర పోగొట్టుకోవద్దు. పోతే వైజాగ్‌లో దిగేది గిటారు కాదు, రెండు నల్ల ముక్కలు. కొనే ముందు దుకాణంలోనే మెడ ఊడదీసి, తిరిగి బిగించి, శ్రుతి చేసి, కాసేపు వాయించి, శ్రుతి నిలిచిందో లేదో చూసుకోవాలి. అమ్మేవాడు మొహం చిట్లించినా సరే.

మెడ ఊడకపోయినా పొట్టి గిటార్లున్నాయి కదా అని శంక. ఉన్నాయి. కానీ తీగ పొడవు 648 మిల్లీమీటర్ల నుంచి బాగా తగ్గితే లాగుడు తగ్గి, కింది తీగ వదులుగా కొట్టుకుంటుంది; ఒళ్ళు చిన్నదైతే మంద్రం చిక్కిపోతుంది. రైల్లో పై బెర్తు మీద వాయించుకోవడానికి చాలు. పండగ నాడు చుట్టాలందరి మధ్యా పాడే పాటకు చాలదు.

పాఠాంతరం: "విరుగని మెడ కన్న వెలగల మెడ మేలు" అని కొన్ని ప్రతుల్లో ఉంది. ఇది దుకాణదారులు చేర్చిన పాఠం. యతి చెడలేదు, నీతి చెడింది. త్యాజ్యం.

తాత్పర్యం: ఓ అల్లుడా! కార్బన్ గిటారు వానకూ ఎండకూ తట్టుకుంటుంది, మోయడానికి తేలిక. కానీ గట్టిదనం చూసి కొనకు. మెడ ఊడివచ్చేదాన్ని కొను, విమానపు అర చిన్నది సుమా.

అలంకారం: మూడో పాదంలో చెప్పినదానికి నాలుగో పాదం హేతువు కనుక కావ్యలింగం. మొదటి పాదంలో అతిశయోక్తి ఉందని పైన నిరూపించాను.

దీని తర్వాతి పద్యంలో కవి బాంజో జోలికి వెళ్ళాడు. దానికి టీకా రాస్తానని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు.