జానెడు రేకు, బారెడు బొంకు

2024 జులై 31 సాయంత్రం ఢిల్లీలో గట్టి వాన పడింది. కొత్త పార్లమెంటు భవనం లాబీలో నీళ్లు కారాయి. కింద బకెట్ పెట్టారు. భవనం ప్రారంభమై అప్పటికి పద్నాలుగు నెలలు. కట్టడానికి ముందు వేసిన అంచనా 971 కోట్లు. బకెట్ ఖర్చు అందులోనే ఉందా, వేరే పద్దు కింద రాశారా?

లోక్‌సభ సచివాలయం వివరణ ఇచ్చింది. లాబీ మీది గాజు గుమ్మటాలను బిగించిన జిగురు పదార్థం కాస్త పక్కకు జరిగిందట. వెంటనే సరిచేశారట. జరిగిందట! జిగురు పెట్టేదే జరగకుండా ఉండటానికి కదండీ? ఈ దేశంలో ఇచ్చిన హామీ జరగదు. వేసిన విచారణ జరగదు. ఫైలు బల్ల మీంచి జరగదు. జరక్కూడని జిగురొక్కటే జరిగింది.

ఆ వివరణలో ఇంకో తమాషా ఉంది. అందులో జిగురు ఉంది. సరిచేయడం ఉంది. రేకు ఊసు లేదు.

ఏ రేకు అంటారా? కప్పు వెళ్లి గోడను కలిసేచోట పెట్టే రేకు. జానెడు వెడల్పు లోహపు పట్టీ. ఫ్లాషింగ్ అంటారు. రేకుల దుకాణంలో కుర్రాణ్ని అడిగినా అదే పేరు చెప్తాడు. వానకు కప్పు మధ్యలో భయం లేదు. అతుకు దగ్గరే భయం. ఇది నిన్నగాక మొన్న కనిపెట్టిన రహస్యమా? తాటాకు ఇల్లు కప్పే మనిషికి తెలుసు. ఆయన చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తాడు. పై వరస కింది వరస మీదికి వచ్చేలా పరుస్తాడు. నీళ్లు జారిపోతాయి. ఆయన దగ్గర డిగ్రీ లేదు. కన్సల్టెన్సీ లేదు. పవర్‌పాయింట్ అసలే లేదు. ఆయన ఇంట్లో బకెట్ బావి దగ్గర ఉంటుంది, నట్టింట్లో కాదు.

ఫ్లాషింగ్ చేసే పని కూడా ఇంతే. వంచిన రేకు. ఒక అంచు కప్పు మీద పడుకుంటుంది. రెండో అంచు గోడ వెంట పదిహేను సెంటీమీటర్లయినా పైకి లేస్తుంది. దాని మీదికి ఇంకో రేకు దిగుతుంది. ఈ పైరేకు తలను గోడలో కోసిన గాడిలోకి దూర్చి బిగిస్తారు. గోడ మీద జారిన నీరు పైరేకు మీంచి కిందిరేకు మీదికి, అక్కణ్నుంచి కప్పు మీదికి, కప్పు మీంచి చూరు కిందికి. ఇందులో అర్థం కానిది ఏముంది? ఎవరికి అర్థం కావడం లేదు?

కిటుకు ఒకటుంది. ఆ రెండు రేకుల్నీ కలిపి మేకు కొట్టకూడదు. పట్టుకోవాలి గానీ బంధించకూడదు. ఎందుకంటే లోహం ఎండకు సాగుతుంది. మే నెల మధ్యాహ్నం రేకు మీద అరచెయ్యి ఆనించి చూడండి. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ నలభై డిగ్రీల తేడా వస్తే, పది మీటర్ల అల్యూమినియం రేకు దాదాపు సెంటీమీటరు సాగుతుంది. పక్కనున్న గోడ అందులో సగం కూడా సాగదు. ఈ రెండింటి మధ్య సిమెంటు మెత్తితే? ఒక్క వేసవి చాలు, పగులుతుంది. అందుకే రెండు రేకులు. ఒకటి గోడతో కదులుతుంది, ఇంకోటి కప్పుతో. నీటికి మాత్రం దారి ఉండదు.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? మేస్త్రీ సిమెంటు మెత్తుతాడు. అది పగిలితే కాంట్రాక్టరు జిగురు పూస్తాడు. జిగురు ఊడితే ఇంజినీరు బిల్లు మీద సంతకం పూస్తాడు. చెమ్మ గోడ మీదికి పాకితే మంత్రిగారు రంగు పూయిస్తారు. ఆ రంగు కూడా ఆయన పార్టీ రంగే. ఇంతమంది ఇన్ని పూశారు. ఎవరి చేతికీ రేకు తగల్లేదు.

ఢిల్లీ మీద నవ్వితే సరిపోతుందా? మన వాకిలికి రండి. 2017 జూన్‌లో వెలగపూడి తడిసింది. తాత్కాలిక అసెంబ్లీ భవనం. అందులో ప్రతిపక్ష నేత ఛాంబర్. వాన పడింది, ఛాంబర్‌లో నీళ్లు కారాయి. భవనం ఎంత పాతది? శాసనసభ అందులో తొలి సమావేశాలు పెట్టి మూడు నెలలు. చంటిబిడ్డ. ఏం చేయాలి? నిచ్చెన వేసుకుని ఎక్కి, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడాలి. మనవాళ్లు అలా చేస్తే మనవాళ్లెందుకవుతారు? ఎవరో కావాలని పైపు కోశారన్నారు. కోసిన పైపును మీడియాకు చూపించారు. సీఐడీ దర్యాప్తు వేశారు. వాన కేసును సీఐడీకి అప్పగించిన ఘనత మనది! ఒక్క పైపు తెగితే ప్రతిపక్ష నేత గది మొత్తం జలమయమయ్యేలా ఆ పైపును అక్కడ ఎవరు పెట్టారు, దాని కింద రెండో అడ్డు ఎందుకు లేదు అన్నది ఎవరి నోటా రాలేదు. ఆ తర్వాత కుర్చీలు రెండుసార్లు మారాయి. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. దొంగ దొరికాడా? వానైతే ఏటా వస్తూనే ఉంది. ఒక్కసారీ అరెస్టు కాలేదు.

కాగితం మీద లోటు ఉందనుకునేరు. ఏ లోటూ లేదు. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల పుస్తకం తీయండి. కప్పు పిట్టగోడను కలిసేచోట 75 మిల్లీమీటర్ల కాంక్రీటు వంపు వేయాలని ఉంటుంది. దాని పేరు గోలా. నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర 45 సెంటీమీటర్ల చదరంలో పల్లం తీయాలి. దాని పేరు ఖుర్రా. స్లాబు వాటం ఎంత, తారు షీటు గోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కాలి, దాని అంచు గోడ గాడిలోకి ఎలా దూరాలి, అన్నీ రాసి ఉంటాయి. బ్రహ్మాండం. అంచనాలో గోలా ఉంటుంది. బిల్లులో గోలా ఉంటుంది. కొలతల పుస్తకంలో గోలా ఉంటుంది. పిట్టగోడ దగ్గర మాత్రం ఉండదు. మనకు మిగిలేది గోల.

ఎందుకుండదు? పైకెక్కి చూసేవాడు లేడు కాబట్టి. రిబ్బను గుమ్మానికి కడతారు, పిట్టగోడకు కట్టరు. శిలాఫలకం ముందుగోడకు పెడతారు. ఫొటో ముందునుంచే తీస్తారు. కంటికి కనపడేదానికి కోట్లు, వాన ఆపేదానికి సున్నా. కాంట్రాక్టరు లెక్కలో తేడా వస్తే మొదట తెగేది ఏది? గ్రానైటు తెగదు. ఎల్‌ఈడీ దీపాలు తెగవు. ఆ జానెడు రేకే తెగుతుంది. పైగా టెండరు తక్కువ కోట్ చేసినవాడికే దక్కాలి. తక్కువకు పాడినవాడు ఆ తక్కువను ఎక్కడ పూడ్చుకుంటాడో తెలియనంత అమాయకులా మన ఇంజినీర్లు?

పాఠశాలల మాట ఎత్తాలంటే నవ్వు రావడం లేదు. వర్షాకాలం వస్తే సర్కారీ బళ్లలో పిల్లలు బెంచీలు జరుపుకుంటూ కూర్చుంటారు. కారే మూల ఏదో మొదటి తరగతి పాపకు కూడా తెలుసు. ఆ మూల ఎప్పుడూ కప్పు, గోడ కలిసేదే. నీరు అక్కడ దిగుతుంది. కాంక్రీటులోకి ఇంకుతుంది. లోపలి ఇనుపచువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. లోపల్నుంచి నెడుతుంది. స్లాబు పెచ్చులు రాలతాయి. ఆ పెచ్చులు ఎవరి తలల మీద రాలతాయి? అంచనా వేసినవాడి పిల్లల మీదా? ఆయన పిల్లలు ఏసీ బడిలో ఉంటారు.

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలింది. ఏడుగురు పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం టీచర్లను సస్పెండ్ చేసింది. ఆ కప్పు వేసింది టీచర్లా? మరమ్మతు బిల్లు పాస్ చేసేది టీచర్లా? సుద్దముక్క పట్టుకున్నవాళ్లు దొరికారు, సస్పెండ్ చేశారు. సంతకం పెట్టే కలం పట్టుకున్నవాళ్లు అంత తేలిగ్గా దొరుకుతారా?

పోనీ, ఎప్పుడో ఒకసారి పుణ్యం పుట్టి రేకు వేయాలనుకున్నారే అనుకుందాం. ఏ రేకు? ఇక్కడ మొదలవుతుంది అసలు భాగోతం. జింకు పూసిన ఇనుపరేకు చవక. పొడినేలలో కొన్నేళ్లు నడుస్తుంది. విశాఖలో, కాకినాడలో సముద్రపు గాలికి ఆ పూత ఎంతసేపు? ఉప్పు తినేస్తుంది. అక్కడ అల్యూమినియం నయం. కానీ అల్యూమినియానికి పచ్చి సిమెంటు పడదు. సిమెంటులోని క్షారం దాన్ని కొరికేస్తుంది. మధ్యలో తారు పూత వేస్తే ఆగుతుంది. ఆ పూత వేసే ఓపిక ఎవరికి? స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిది, ఖరీదు. తీరంలో వాడాలంటే 316 రకం తేవాలి, ఇంకా ఖరీదు. సీసం మెత్తగా ఎటంటే అటు వంగుతుంది. ఇంగ్లండ్ చర్చిల కప్పుల మీద వందల ఏళ్లుగా అదే ఉంది. కానీ సీసం విషం. దాని మీంచి పడిన వాననీటిని సంపులోకి పట్టుకుని తాగితే గోవిందా.

రాగి సంగతి ఇంకా మజా. హోదా లోహం. ఫాంహౌస్ గుమ్మటానికి రాగిరేకు తొడిగించుకున్న పెద్దమనిషి దాని కింది వసారాకు జింకు పూత రేకు వేయించాడనుకోండి. రాగి మీంచి జారిన నీరు కిందిరేకు మీద చుక్కలు చుక్కలుగా పడి చిల్లులు పొడుస్తుంది. తడిలో పొసగని రెండు లోహాలు తగిలితే ఒకటి రెండోదాన్ని మెల్లగా తినేస్తుంది. పొత్తు ప్రభుత్వాలు చూసిన జనానికి ఈ రసాయనశాస్త్రం వేరే బోధించాలా?

ఇవేవీ ఏ దేశపు సాంకేతిక రహస్యాలూ కావు. డిప్లొమా కుర్రాడికి తెలిసినవే. సముద్రం ఎంత దూరం, పక్కన ఏ లోహం ఉంది, సిమెంటు తగులుతుందా లేదా అని మూడు ప్రశ్నలు వేసుకుంటే రేకు దానంతటదే తేలుతుంది. కొనుగోలు కమిటీ మాత్రం ఒకే ప్రశ్న వేస్తుంది. కిలో ఎంత?

సర్కారును తిట్టాం కదా అని బిల్డరు మహాశయుడు వెనక బెంచీలో దాక్కుంటే కుదరదు. లేవండి సార్. మీ బ్రోషర్ అద్భుతం. ఇటాలియన్ మార్బుల్. ఈతకొలను. క్లబ్‌హౌస్. పై అంతస్తు నుంచి సూర్యోదయం. పిట్టగోడ పక్కన ఏం పెట్టారో ఒక్క పేజీలో అయినా రాశారా? గృహప్రవేశం అయిన మొదటి వానకు పడగ్గది మూల నల్లబడుతుంది. ఫోన్ చేస్తే మీ మనిషి జవాబు ఏమిటి? "అది లీకేజీ కాదండీ, వెదర్ ఎఫెక్ట్." రెండో వానకు: "పై ఫ్లాట్ వాళ్ల బాత్‌రూమ్‌దండీ." పైన ఫ్లాటే లేదు, ఆకాశం ఉంది. మూడో వానకు ఒక కుర్రాడు జిగురు ట్యూబు పట్టుకుని వస్తాడు. కప్పుకూ గోడకూ మధ్య తెల్లగీత గీసి, ఫొటో తీసి వాట్సాప్ పెట్టి వెళ్తాడు. నాలుగో వానకు ఫోన్ ఎత్తరు. ఐదో ఏడు దాటగానే గొంతు మారుతుంది. "మెయింటెనెన్స్ అసోసియేషన్‌ది కదమ్మా!"

అసోసియేషన్ ఏం చేస్తుంది? సమావేశం పెడుతుంది. పై అంతస్తు వాళ్లు అందరూ డబ్బు వేసుకోవాలంటారు. కింది అంతస్తు వాళ్లు మాకు కారట్లేదంటారు. వాచ్‌మన్ జీతం మీద గొడవ మొదలై అక్కడే సమావేశం ముగుస్తుంది. టెర్రస్ మీద అనుమతి లేకుండా రేకులషెడ్డు వేసుకున్న కార్యదర్శిగారు మాత్రం మాట్లాడరు. ఆయన కొట్టిన బోల్టులే స్లాబుకు చిల్లులు పెట్టాయని అందరికీ తెలుసు. ఎవరంటారు? ఆయనకు కార్పొరేటరు తెలుసు.

బిల్డరుకు ఆ ఐదేళ్ల లెక్క అంత బాగా ఎందుకు గుర్తుంటుందో తెలుసా? అది చట్టంలో ఉంది. 2016 నాటి రెరా చట్టం, 14వ సెక్షన్, మూడో సబ్‌సెక్షన్. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం ఉందని మీరు ఆయన దృష్టికి తెస్తే, ముప్పై రోజుల్లో బాగుచేయాలి. పైసా అడక్కూడదు. చేయకపోతే పరిహారం కట్టాలి. ఆయనకు ఇది కంఠతా వచ్చు. మీకు చెప్పడు. ఫోన్లో "చూద్దాం సార్" అంటూ ఐదేళ్లు దాటిస్తాడు. జిగురు ట్యూబు అందుకే.

కాబట్టి బీరువాలోంచి స్వాధీన పత్రం బయటకు తీయండి. తేదీ చూడండి. ఐదేళ్లు ఇంకా నిండకపోతే ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో వేడుకోకండి. నల్లబడిన మూల ఫొటో జతచేసి, తేదీ వేసి, స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. రసీదు దాచుకోండి. ముప్పై రోజులు లెక్కపెట్టండి. ముప్పై ఒకటో రోజు రెరాలో ఫిర్యాదు వేయండి. బాగుచేయడానికి వచ్చినవాడి చేతిలో ట్యూబు మాత్రమే ఉంటే, మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పంపండి.