వినపడని మోత

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పయితే పెట్టుకోలేదు గానీ, ఓ యంత్రానికి పన్నెండు వందలు తగలేశాను. ప్లగ్గులో పెడితే చాలు, అతిధ్వనులతో ఎలుకల్ని తరిమేస్తుందన్నాడు అమ్మినవాడు. తెచ్చి వంటింట్లో బియ్యం బస్తాల వెనకున్న సాకెట్టుకి తగిలించాను. పచ్చ దీపం వెలిగింది. చప్పుడు లేదు.

"వినపడట్లేదంటే పనిచేస్తున్నట్టే" అన్నాను మా ఆవిడతో.

"మూడేళ్లుగా మూలన పడున్న రేడియో కూడా పనిచేస్తున్నట్టేనా?" అంది.

నేను తగ్గలేదు. ఈ అతిధ్వనులు మామూలు శబ్దం కంటే వేగంగా పోతాయని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పాను. పండక్కి వచ్చిన మేనల్లుడు అది విని పొట్ట పట్టుకున్నాడు. "మామయ్యా, నువ్వు చెప్పేది సూపర్‌సోనిక్. ఇది అల్ట్రాసోనిక్!"

గాల్లో మామూలు శబ్దానిదీ అతిధ్వనిదీ ఇంచుమించు ఒకే వేగమట, సెకనుకి 340 మీటర్లు. తేడా అంతా కంపనాల్లోనే. మన చెవికి అందేవి సెకనుకి 20 నుంచి 20,000 దాకా. (నా వయసుకి అందులోనూ కోతే.) ఆపైవి అతిధ్వనులు. కంపనాలు పెరిగేకొద్దీ అల పొట్టిదవుతుంది. 1,000 కంపనాల శబ్దానికి అల పొడవు 34 సెంటీమీటర్లు. అదే 40,000 అయితే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, బియ్యపుగింజ కంటే కాస్త ఎక్కువ. పొడుగు అల స్తంభాన్నీ బస్తానీ చుట్టి వచ్చేస్తుంది. వంటింట్లో తిట్టే తిట్లు వసారాలో నాకు చేరేది అందుకే. పొట్టి అల టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతుంది, అడ్డమొస్తే ఆగిపోతుంది, గాల్లోనూ తొందరగా నీరసిస్తుంది. నేను దాన్ని పెట్టింది రెండు బస్తాల వెనక!

ముందుకి మార్చాను. రెండ్రోజులు ఎలుకల జాడ లేదు. మీసం దువ్వాను. మూడోనాడు పప్పు డబ్బా మూత కొరికేశాయి. అలవాటు పడిపోయాయన్నమాట. అసలు ఎలుకలు తమలో తాము మాట్లాడుకునేదే అతిధ్వనుల్లోనట: భయమేస్తే 22,000 దగ్గర, ఆటలాడుకుంటే 50,000 దగ్గర. వాళ్ల భాషలో అర్థంపర్థం లేకుండా వాగే పొరుగువాణ్ణి తెచ్చి పెట్టానేమో. ఇలాంటి యంత్రాలు చేసేవాళ్లనీ అమ్మేవాళ్లనీ, రుజువుల్లేకుండా గొప్పలు చెప్పొద్దని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే హెచ్చరించిందట. నాకు తెలిసింది డబ్బులు పోయాక.

మా ఆవిడ అటకమీది బోను దించి, పకోడీ ముక్క గుచ్చింది. రాత్రి పదకొండింటికి టప్‌మంది. ఆ చప్పుడు బస్తాలు దాటి, గోడ మలుపు తిరిగి, వసారాలో పడుకున్న నాదాకా వచ్చింది.