మధ్యేమార్గం దొరగారు

లండన్‌లో ఆయన్ని పోల్చుకోవడం తేలిక. పొద్దున లేబర్ పార్టీని, మధ్యాహ్నం కన్జర్వేటివ్ పార్టీని సమానంగా తిడతాడు. సాయంత్రానికల్లా కొత్త పార్టీ పెట్టక తప్పదంటాడు. ఆ నడిమి జాగాలో లిబరల్ డెమోక్రాట్లు ఎప్పట్నుంచో ఉన్నారు కదండీ అంటే, మనకేసి జాలిగా చూసి ‘వాళ్లు వేరు’ అంటాడు. ఎలా వేరో మాత్రం చెప్పడు.

దేశమంతా నడిమధ్యనే ఉందని ఆయన నమ్మకం. ఆయన భోజనానికి పిలిచేవాళ్లంతా అక్కడే ఉన్నారు మరి! పన్నులు పెంచుతారా, తగ్గిస్తారా అని అడిగి చూడండి. ‘ఆధారాలను బట్టి’ అంటాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

ఆయన పంచాంగంలో పుణ్యకాలం 1981. ఆ జనవరిలో లేబర్ మాజీ మంత్రులు రాయ్ జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, షర్లీ విలియమ్స్, బిల్ రాడ్జర్స్ లైమ్‌హౌస్‌లో ప్రకటన చేశారు, మార్చికల్లా సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. 1983 ఎన్నికల్లో లిబరళ్లతో జతకట్టి నూటికి పాతిక ఓట్లు తెచ్చుకున్నారు. ఇంతవరకూ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సీట్లెన్ని అనగానే దగ్గొస్తుంది. 650లో 23. నూటికి రెండే ఓట్లు ఎక్కువొచ్చిన లేబర్‌కి 209! అక్కడ నియోజకవర్గంలో మొదట నిలిచినవాడిదే సీటు. ఊరూరా రెండోవాడిగా నిలిచిన పెద్దమనిషికి దక్కేది మర్యాదే.

ఆ పార్టీ 1988లో లిబరళ్లలో కలిసిపోయింది. కలవనని భీష్మించిన ఓవెన్ గారి ముక్క 1990లో బూటిల్ ఉప ఎన్నికలో 155 ఓట్లు తెచ్చుకుని, మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీ వెనక నిలబడింది. వాళ్లకి 418. మేం వెర్రివాళ్లమని పేరులోనే ఒప్పేసుకున్నందుకు ఆమాత్రం ప్రతిఫలం న్యాయమే.

2019 సంగతెత్తితే దొరగారికి ఇప్పటికీ గొంతు వణుకుతుంది. ఫిబ్రవరిలో ఎనిమిది మంది లేబర్ ఎంపీలు, ముగ్గురు కన్జర్వేటివ్‌లు గడప దాటి క్రికెట్ జట్టుకు సరిపడా పోగయ్యారు. కొందరు నాండోస్ రెస్టారెంట్‌లో కోడి తింటూ దిగిన ఫొటోకి వచ్చినంత పేరు వాళ్ల విధానాలకు రాలేదు. ముందు ఇండిపెండెంట్ గ్రూప్, తర్వాత చేంజ్ యూకే, ఆపైన ఇండిపెండెంట్ గ్రూప్ ఫర్ చేంజ్... బారసాల మీద బారసాల. యూరప్ ఎన్నికలకు పంపిన గుర్తును ఎన్నికల సంఘం కాదంది. మేలో ఓట్లు 3.3 శాతం, సీటు ఒక్కటీ లేదు. జూన్‌లో ఆరుగురు వెళ్లిపోయారు. డిసెంబరు ఎన్నికల్లో మిగిలినవాళ్లలో పోటీ చేసినవాళ్లూ ఓడాక పార్టీ మూతపడింది. పిల్లకు ఏడాది నిండనే లేదు.

‘ఆలోచన గొప్పదే, లోగో కుదర్లేదు’ అని తేల్చేశాడాయన. అందుకే ఈసారి రంగు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. లేబర్ ఎరుపు, కన్జర్వేటివ్ నీలం కలిపితే వచ్చే ఊదాని యూకేఐపీ అనే పార్టీ ఎప్పుడో వాడేసింది, పసుపు చూస్తే లిబరల్ డెమోక్రాట్లది. ప్రస్తుతం బూడిదరంగు మీద చర్చలు నడుస్తున్నాయి.

ఈయన మీ దగ్గరికి చందాకొస్తే సిద్ధాంతం అడక్కండి, తెల్లారిపోతుంది. ‘ఏ నియోజకవర్గంలో మొదట నిలుస్తారు?’ అని ఒక్కటే అడగండి. జవాబొచ్చేదాకా పర్సు తియ్యకండి. అక్కడ ధరావతు 500 పౌండ్లు. నూటికి అయిదు ఓట్లు రాకపోతే అదీ తిరిగి రాదు.