రెండో చిల్లు

పాత రేడియోలు బాగుచేస్తానని నేను చెప్పుకుంటాను. పాడుచేస్తానని మా ఆవిడ చెబుతుంది. ఈ అభిప్రాయభేదం ముదిరి ముదిరి, చివరికి వంటింటి పక్కనున్న సామాన్ల గది నా వశమైంది. ఆవకాయ జాడీలు అటకెక్కాయి. వాటి చోట సోల్డరింగ్ ఐరన్, డ్రిల్లు, శాండ్ పేపర్లు, పైకప్పు ఊడిన రేడియో పెట్టెలు కొలువుతీరాయి. షరతు ఒక్కటే: పొగ గానీ పొట్టు గానీ వాసన గానీ ఇంట్లోకి రాకూడదు.

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడంలో నాకు పెళ్లయిన కొత్తల్నుంచీ మంచి పేరుంది. తలుపు కింది సందులో పాత లుంగీ కుక్కి, అంచుల వెంట స్పాంజి పట్టీ అంటించాను. దాంతో గదిలో పుట్టిన పొగ మొత్తానికి ఏకైక వారసుణ్ణి నేనే అయ్యాను. టంకం పెడితే కళ్లు మండేవి. చెక్క రుద్దిన రోజు తుమ్మితే టేకు పొడి రాలేది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలన్నాను. "ఆ పనేదో డాబా మీద చేసుకోండి" అంది. అప్పుడు సీసాన్ని రంగంలోకి దించాను. "టంకంలో సీసం ఉంటుంది, తెలుసా? ఆ ఆవిరి పీలిస్తే..." అని మాట సగంలో ఆపి కిటికీ వైపు చూశాను. నిజానికి సీసం మరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నా ఐరన్ మొన 350 దగ్గరే ఆయాసపడుతుంది. సీసం ఒంట్లోకి వెళ్లేది ఎక్కువగా వేళ్ల మీదుగా, అంటే టంకం పెట్టిన చేత్తోనే పకోడీ అందుకునే నా బోటివాళ్లకి. పైకి లేచే ఆ తెల్ల పొగ ఫ్లక్సులోని రోజిన్‌ది. అదీ తక్కువది కాదు, రోజూ పీలిస్తే ఉబ్బసం తెప్పించగలదు. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇన్ని నిజాలు చేతిలో ఉండగా అబద్ధమే ఎందుకు ఆడానంటే, అది పొట్టిగా ఉంది, త్వరగా పనిచేస్తుంది.

ఆ అబద్ధానికి 1,500 రూపాయలు మంజూరయ్యాయి.

లెక్కలు మాత్రం శాస్త్రోక్తంగా వేశాను. గది 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు. మొత్తం 800 ఘనపుటడుగుల గాలి. అది గంటకు 15 సార్లు మారాలంటే నిమిషానికి 200 ఘనపుటడుగులు బయటికి పోవాలి. తొమ్మిదంగుళాల ఫ్యాన్ అట్టపెట్టె మీద అంకె అంతకు రెట్టింపు ఉంది. ఆ అంకె ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటిదని ఎక్కడా రాయలేదు. రాసినా నేను చదివేవాణ్ణి కాదేమో.

అడ్డం అంటే మామూలు అడ్డం కాదు నేను పెట్టింది. కిటికీ ఎదురుగా పక్కింటి పిన్నిగారి బట్టల దండెం. అందుకని పొగను డాబా మీదికి ఎక్కించాలనుకున్నాను. ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు బకెట్ అడుగున కన్నం కోసి ఫ్యాన్‌కు తగిలించి, ఆ కన్నానికి నాలుగంగుళాల పీవీసీ పైపు, మధ్యలో ఎల్బోలు, అతుకులకు ఎంసీల్. చూడ్డానికి ఫ్యాక్టరీలా ఉంది. కానీ తొమ్మిదంగుళాల నోటి ముందు నాలుగంగుళాల పైపంటే, దారి అయిదో వంతుకు కుంచించుకుపోయినట్టే. పైగా ప్రతి మలుపూ గాలిని నిలదీస్తుంది. ఇలాంటి రెక్కల ఫ్యాన్ గాలిని బాగానే కదిలిస్తుంది గానీ, ఎదురొత్తిడిని తోసుకుపోయే సత్తువ దానికి లేదు. అందుకు బ్లోయర్ ఉండాలి. బ్లోయర్ ధర అడిగి, దుకాణదారుడికి నమస్కారం పెట్టి వచ్చేశాను.

పైపు పీకి ఫ్యాన్‌ను నేరుగా కిటికీకి బిగించాను. దండెం మార్చుకోమని పిన్నిగారికి చెప్పే బాధ్యత మా ఆవిడ మోసింది. ఏమని చెప్పిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఆ తర్వాత నుంచి పిన్నిగారు నన్ను చూసి జాలిగా నవ్వుతున్నారు.

బల్ల కూడా మార్చాల్సి వచ్చింది. ఫ్యాన్ ఎంత వెడల్పో అంత దూరం జరిగేసరికి దాని లాగుడు ఇంచుమించు పదో వంతుకు పడిపోతుంది. గది ఆ చివర కూర్చుని ఈ చివర ఫ్యాన్ మీద ఆశలు పెట్టుకుంటే లాభం లేదు. బల్లను కిటికీ కిందికి తోశాను. మొదట్లో ఫ్యాన్‌కు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. అందువల్ల పొగ ముందుగా నా ముక్కును పలకరించి, తర్వాత బయటికి బయల్దేరేది. ఇప్పుడు పక్కకు తిరిగి కూర్చుంటున్నాను. లక్క పాలిషూ థిన్నరూ మాత్రం డాబా మీదే. ఆ ఆవిర్లు గాలికన్నా బరువు, నేల మీద పాకుతాయి. మామూలు మోటారూ స్విచ్చీ ఉన్న గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు, రేడియోతోపాటు నేనూ ఆగిపోవడానికి.

ఇక పరీక్ష. తలుపు మూసి, లుంగీ యథాస్థానంలో కుక్కి, ఫ్యాన్ వేసి, అగరొత్తి వెలిగించి బల్ల మీద నిలబెట్టాను. పొగ ఉన్నచోటే సుడులు తిరిగి నా జుట్టులో స్థిరపడింది. ఫ్యాన్ చూస్తే హోరెత్తిపోతోంది. వాసనకు మా ఆవిడ తలుపు నెట్టుకుని వచ్చింది.

"ఏవండీ, రేడియోకి పూజ చేస్తున్నారా?"

గాలి ఎటు పోతోందో చూస్తున్నానన్నాను. ఆవిడ ఫ్యాన్ వంక చూసింది, కింద లుంగీ వంక చూసింది.

"నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెట్టి వంచితే నూనె వస్తుందా? రెండో చిల్లేదీ?"

నేను ఇంజనీరింగ్ చదివానన్న సంగతి ఆ క్షణంలో ఎవరూ గుర్తుచేయనందుకు కృతజ్ఞుణ్ణి. లుంగీ లాగి, తలుపు జానెడు తెరిచాం. అగరొత్తి పొగ తల వంచుకుని బుద్ధిగా కిటికీ దారి పట్టింది. లోపలికి ఎంత గాలి రానిస్తే అంతే బయటికి పోతుంది. రావడానికి పెట్టే దారి కనీసం ఫ్యాన్ నోరంతైనా ఉండాలి, అదీ ఫ్యాన్‌కు ఎదురు వైపున.

నా గదికి ఎదురు వైపున ఉన్నది వంటిల్లు.

మర్నాడు పప్పులో తిరగమోత పడింది. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి ఘాటు మొత్తం పొయ్యి మీంచి లేచి, తలుపు సందులోంచి దూరి, నా భుజం మీదుగా వెళ్లి కిటికీలోంచి దిగిపోయింది. నేను దగ్గుతూ బయటపడేసరికి మా అత్తగారు వంటింట్లో నిలబడి గాలి పీల్చి చూస్తున్నారు. "అమ్మాయీ, చిమ్నీ కొనాలన్నావే, ఇంక అక్కర్లేదు. ఇన్నాళ్లకు అల్లుడుగారు ఇంటికి పనికొచ్చే పనొకటి చేశారు" అన్నారు.

చిమ్నీ కోసం దాచిన డబ్బులో బ్లోయర్‌కు వాటా అడుగుదామనుకునేలోపు ఆ డబ్బు గ్రైండర్ అయిపోయింది. నా పని వేళలు వంట వేళల్ని బట్టి మారాయి. కారం పట్టించే కాలం వచ్చాక పొద్దున్నే పిలుపు:

"ఏవండీ, మిరపకాయలు వేయించాలి, కాసేపు బయటికి రండి. ఫ్యాన్ మాత్రం ఆపకండి."