అవ్వ నోట్లో కామాలు

మైకు పట్టుకుని ఊళ్ళ మీద పడుతున్న మాటల సేకర్తలకు ఒక విన్నపం. వేలూరు జిల్లా అణైకట్, గుడియాత్తం వైపు తెలుగు ఇళ్ళకు తప్పక రండి. కామాల మూట మాత్రం బస్టాండులోనే దించేసి రండి.

వైకాసి నెల మొదటి రోజున గుడియాత్తంలో గంగమ్మ సిరసు ఊరేగుతుంది. ఆ ముచ్చట చెప్పమని ఒక అవ్వను అడిగారనుకుందాం. "తెల్లారకముందే లేసి తలకు పోసుకోని బిడ్డను సంకనేసుకోని బస్సెక్కి ఆడ దిగితే ఏం జనం నాయనా కాలు పెట్టను సందు లేదు, సిరసు వస్తా ఉండాది అన్నారు..." ఒకే దమ్ము. ఇప్పుడు రాసేవాడి చెయ్యి ఊరుకోదు. రాసేవాళ్ళకిచ్చిన నిబంధనల ప్రతిలో వాక్యం పొట్టిగా ఉండాలని ఉంది మరి! "తెల్లారకముందే లేసి." చుక్క. "తలకు పోసుకోని." ఇంకో చుక్క. లేచి ఏం చేసిందయ్యా? అది తర్వాతి వాక్యంలో, వేరే ఆవిడెవరో చేసినట్టు ఉంటుంది.

ప్రశ్న గుర్తుదీ అదే కథ. "వచ్చిందా" అన్న దీర్ఘమే ప్రశ్న వేసేసింది. అయినా పక్కన కొక్కెం తగిలించాలి. లేకుంటే అవ్వ అడిగిందో చెప్పిందో పై అధికారికి తెలియదట!

1974 నాటికే గెయిల్ జెఫర్సన్ సంభాషణలు రాసే పద్ధతి ఒకటి అచ్చులోకి వచ్చింది. అందులో చుక్క అంటే గొంతు దిగడం, కామా అంటే మాట ఇంకా సాగుతోందని. వ్యాకరణంతో పనిలేదు. మాట ఆగితే సెకనులో పదో వంతు దాకా కొలిచి రాస్తారు. అంత ఓపికకు కూలి గిట్టదు గనక మనవాళ్ళు చల్లగా తీర్మానించారు: ఆగినచోట్లు చెత్త, కోసెయ్యండి.

యంత్రం ఇంకా ఘనురాలు. మాట విని రాసిపెట్టే విస్పర్‌ను 2022లో ఓపెన్‌ఏఐ వదిలింది. దాన్ని పరిశోధకులు ఇంగ్లీషు రికార్డింగులతో పరీక్షించి 2024లో చెప్పిందేమిటంటే, దాదాపు 1 శాతం ముక్కల్లో ఎవరూ అనని మాటలు దొర్లాయి. మాటల మధ్య ఎక్కువసేపు ఆగేవాళ్ళ దగ్గర ఆ బెడద మరీ ఎక్కువ. మనిషి నోరు మూసుకుంటే యంత్రం తెరుస్తుందన్నమాట. ఆ లేని మాటలకూ చుక్కలు, కామాలు ముచ్చటగా పెడుతుంది, అబద్ధానికి వ్యాకరణం తప్పకూడదుగా!

అయ్యా, ఒక్క పని చెయ్యండి. ప్రతి చుక్క దగ్గరా ఆగి మీ రాతను అవ్వకే చదివి వినిపించండి. "ఎవురు నాయనా అది, పాపం ఎక్కిళ్ళు పట్టినట్టుండాయే, ఇన్ని నీళ్ళియ్యండి" అంటుంది.