స్క్రిప్టు ఆపే ఉంచండి

బీదర్‌లో ఏ జిరాక్స్ షాపుకెళ్ళినా, ఏ గ్రామ ఒన్ కేంద్రంలో కూర్చున్నా, ‘ఈ పేజీ చూడాలంటే జావాస్క్రిప్ట్ ఆన్ చేయండి’ అని తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క కనబడగానే అందరి నోటా ఒకటే సలహా. సెట్టింగ్స్‌లోకి వెళ్ళు, ఆన్ చెయ్, పనైపోతుంది. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఆపి ఉంటే అలాగే ఉంచండి. మీకు నిజంగా పనిపడే నాలుగైదు సైట్లకి మాత్రం అనుమతి ఇవ్వండి. ఇది తిక్క సలహా అని కంప్యూటర్ తెలిసినవాళ్ళు కొట్టిపారేస్తారు. మా ఇంట్లోవాళ్ళ ఫోన్లలో నేను పెట్టింది మాత్రం ఇదే, పదిమందికీ చెప్పేదీ ఇదే.

జావాస్క్రిప్ట్ అంటే వెబ్ పేజీతో పాటు మన ఫోన్లోకి దిగి, మన ఫోన్ మీదే నడిచే ప్రోగ్రాము. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో రాశాడు. అప్పట్లో ఫారంలో ఏదైనా గడి ఖాళీగా వదిలేస్తే హెచ్చరించడం లాంటి చిల్లర పనులు దానివి. ఇప్పుడు సైటంతా దాని చేతిలోనే ఉంది. పహాణీ చూసుకోవడానికి జిల్లా దగ్గర బీదర్ ఎంచగానే ఔరాద్, భాల్కి, బసవకళ్యాణ్, హుమ్నాబాద్ అంటూ తాలూకాలు బిలబిలా దిగుతాయి కదా, ఆ తర్వాత హోబళి, ఊరు, సర్వే నంబరు వస్తాయి కదా, అలాంటివి దాని పనులే. అది లేకపోతే ఆ పేజీ కదలదు. నిజమే. కానీ పహాణీ పేజీకి ఇచ్చిన అనుమతే, వాట్సాప్‌లో ఎవరో పంపిన ముక్కూమొహం తెలియని లింకుకి కూడా ఎందుకివ్వాలి? ఫోన్ కొన్న రోజు నుంచీ బ్రౌజర్ దాన్ని అడక్కుండానే అందరికీ ఇచ్చేస్తోంది. నా అభ్యంతరమంతా అక్కడే.

మొదటి మాట: ఆ వాక్యాన్ని ఉన్నపళంగా నమ్మకండి. అది రెండు రకాలుగా పుడుతుంది. ఒకటి, పేజీ రాసినవాళ్ళు ‘నోస్క్రిప్ట్’ అనే ట్యాగులో పెట్టినది. స్క్రిప్టు నిజంగా ఆగి ఉంటేనే అది పైకి వస్తుంది. రెండోది, మామూలు అక్షరాల్లాగే పేజీలో ముందే రాసి ఉంచుతారు. స్క్రిప్టు వచ్చాక దాన్ని తుడిచేస్తుంది. స్క్రిప్టు దారిలోనే చిక్కుకుంటే తుడిచే దిక్కు లేక ఆ వాక్యం అక్కడే ఉండిపోతుంది. చూసేవాడు తన సెట్టింగ్‌లోనే తప్పుందనుకుని తడుముకుంటాడు, తప్పేమో సిగ్నల్‌ది.

2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీసు ఈ లెక్క తీసింది. తమ సైటుకి వచ్చినవాళ్ళలో స్క్రిప్టు పనిచెయ్యనివాళ్ళు 1.1 శాతం. అందులో తామే ఆపుకున్నవాళ్ళు, అసలు స్క్రిప్టే లేని బ్రౌజర్ వాడేవాళ్ళు కలిపి 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మందికి బ్రౌజర్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా స్క్రిప్టు అందలేదు. అంటే సెట్టింగ్స్‌లోని మీటని వేలెత్తి చూపే వాక్యం చాలాసార్లు తప్పు మనిషిని పట్టుకుంటోంది.

కాబట్టి సెట్టింగ్స్ జోలికి పోకముందు ఇంకో సైటు తెరవండి. అక్కడ మెనూలు విచ్చుకుంటున్నాయా, మ్యాపు జరుగుతోందా? అయితే మీ మీట బాగానే ఉంది. పేజీని మళ్ళీ లోడ్ చేయండి. ప్రకటనల్ని ఆపే యాడ్‌బ్లాకర్ ఉంటే ఆ ఒక్క సైటుకి తీసేయండి. ఫోన్లో తేదీ, సమయం చూడండి. తేదీ తప్పయితే సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, వేరే సర్వర్ నుంచి రావలసిన స్క్రిప్టు గడప దగ్గరే ఆగిపోతుంది. చివరగా యంత్రం వయసు. చిన్న ఊళ్ళ సెంటర్లలో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. దాని మీద క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఆండ్రాయిడ్ 7 ఫోన్లలో 119 దగ్గర ఆగింది. కొత్త సైట్ల స్క్రిప్టులో కొన్ని మాటలు ఈ పాత బ్రౌజర్లకి అర్థం కావు. అక్కడ మీటని ఎన్నిసార్లు నొక్కినా వేలు నొప్పి తప్ప ఫలితం ఉండదు.

జావా దించుకోమని ఎవరన్నా చెబితే వినొద్దు. ఆ సాఫ్ట్‌వేర్ వేరు, ఇది వేరు. డిజిటల్ సంతకాల కోసం బ్రౌజర్‌లో జావా కావలసిన కాలం ఒకటుండేది. 2015 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 45తో ఆ ప్లగిన్ల దారి మూసుకుపోయింది. అలాగే ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో ఏదో కోడ్ అంటించి ‘పేజీ తెరిపించే’ చిట్కానీ నమ్మొద్దు. అక్కడ అంటించిన కోడ్ మీరు లాగిన్ అయి ఉన్న ఖాతాలో మీ పేరుతోనే పనిచేస్తుంది. క్రోమ్ కూడా ముందు హెచ్చరించి, అనుమతిస్తున్నానని మీ చేత టైప్ చేయించుకుంటుంది. ఆ హెచ్చరిక దాటకండి.

ఇక అసలు సంగతి, ఆపి ఎందుకు ఉంచాలి.

2024 నుంచి ఒక మోసం ప్రపంచమంతా తిరుగుతోంది. ఒక పేజీ తెరుచుకుంటుంది. మీరు రోబో కాదని నిరూపించుకోండి అంటుంది, లేదా బ్రౌజర్‌లో లోపం ఉంది సరిచేయండి అంటుంది. బటన్ నొక్కగానే పేజీలోని స్క్రిప్టు చడీచప్పుడు లేకుండా ఒక కమాండ్‌ని మీ క్లిప్‌బోర్డులోకి కాపీ చేస్తుంది. ఆ తర్వాత విండోస్ బటన్‌తో ఆర్ నొక్కమని, కంట్రోల్‌తో వి నొక్కమని, ఎంటర్ కొట్టమని వరసగా చెబుతుంది. మూడు మెట్లూ దిగేసరికి దొంగ ప్రోగ్రాముని మనమే మన చేతులతో పిలిచి కూర్చోబెట్టినట్టు. లోపాన్ని సరిచేస్తాననే మాటే ఇక్కడ ఎర. ఫలితాల రోజున, స్కాలర్‌షిప్ గడువు రోజున, పిల్లలు కంగారుగా కనబడిన ప్రతి లింకూ నొక్కుతున్నప్పుడు ఇలాంటి పేజీకి వేట సులువు. స్క్రిప్టు ఆపి ఉన్న బ్రౌజర్‌లో ఆ బటన్ ఏమీ చెయ్యలేదు. క్లిప్‌బోర్డులోకి ఏదీ చేరదు. ఇలాంటి మోసంలో డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు ప్రతి సెంటర్లోనూ గోడ మీద ఉండాలి.

ప్రభుత్వ సైటైతే కళ్ళు మూసుకుని నమ్మొచ్చు కదా అంటారు. 2018 సెప్టెంబరులో ఏమైందో గుర్తు చేస్తాను. ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టరు కార్యాలయం సైటు, తిరుపతి నగరపాలక సంస్థ సైటు, మాచర్ల పురపాలక సంఘం సైటు: వీటిలోకి ఎవరో డిజిటల్ నాణేలు తవ్వే స్క్రిప్టుని చొప్పించారని మన దేశ పరిశోధకులే పట్టుకున్నారు. ఇంటి పన్ను చూసుకుందామని పేజీ తెరిచినవాడి ప్రాసెసర్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరుగుతుంది, నాణెం ఇంకెవడి ఖాతాలోకో పోతుంది. సైటు పేరు అసలైనదే. చిరునామా చివర ప్రభుత్వ ముద్రా అసలైనదే. చూసేవాడికి అనుమానం వచ్చే ఆధారం ఒక్కటీ లేదు. స్క్రిప్టు ఆపుకుని చదువుకున్నవాడి యంత్రంలో మాత్రం ఆ తవ్వకం మొదలే కాలేదు.

ఎలా ఆపాలి? ఒకే బ్రౌజర్‌లో ఆపుతూ తెరుస్తూ ఉంటే విసుగొచ్చి వారంలో మానేస్తారు. అందుకే రెండు బ్రౌజర్లు పెట్టుకోండి. క్రోమ్‌ని కచేరీ పనులకి, బ్యాంకుకి కేటాయించండి. అందులో వార్తలు, వీడియోలు, ఫార్వర్డులు ముట్టుకోవద్దు. ఊరికే తిరగడానికి ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని, అందులో నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ (పైన చెప్పిన ట్యాగు కాదు) వేసుకోండి. ఇటలీకి చెందిన జార్జో మావొనే 2005 నుంచి నడుపుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా పనిచేస్తుంది. వేసుకున్నాక ఏదైనా తెలుగు వార్తల సైటు తెరిచి, ఆ ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కి చూడండి. ఆ పేజీలో నడవడానికి క్యూ కట్టిన చిరునామాలన్నీ వరసగా కనిపిస్తాయి. పైనున్న పత్రిక పేరు మనకి తెలుసు; కింద ఉన్న ప్రకటనల కంపెనీలు, మన కదలికలు లెక్కపెట్టే కంపెనీలు ఎవరో మనకి తెలియదు. వార్త చదవడానికి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. చాలా సైట్లలో అక్షరాలు అలాగే వస్తాయి, పేజీ తేలిగ్గా, చటుక్కున తెరుచుకుంటుంది. బొమ్మలో వీడియోలో రాకపోతే పైనున్న పత్రిక పేరుకి ఒక్కదానికే తాత్కాలికంగా అనుమతివ్వండి.

రెండో బ్రౌజర్ వద్దనేవాళ్ళకి క్రోమ్‌లోనే దారుంది. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో జావాస్క్రిప్ట్. దాన్ని ఆపేసి, మినహాయింపుల్లో మీ సైట్లు రాయండి. కర్ణాటక పోర్టళ్ళు చాలావరకు ‘కర్ణాటక డాట్ గవ్ డాట్ ఇన్’ అనే తోకతో ముగుస్తాయి. ఆ తోక ముందు చదరపు బ్రాకెట్లలో నక్షత్రం, చుక్క పెట్టి రాస్తే సేవాసింధు, నాడకచేరి, భూదాఖలాలు అన్నీ ఒకే పద్దులో వస్తాయి. తెలంగాణ పోర్టళ్ళకి అలాంటిదే ఇంకో పద్దు. ఈ రెండోది బీదర్‌లో చాలా ఇళ్ళకి కావాలి. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోది. జహీరాబాద్ వైపు, నారాయణఖేడ్ వైపు పొలాలు, చుట్టరికాలు ఉన్న తెలుగు కుటుంబాలు ఇప్పటికీ అటు తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతి, ఇటు కర్ణాటక పోర్టల్ భూమి రెండూ చూసుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఫీజు కట్టేటప్పుడు పేజీ బ్యాంకు చిరునామాకి మారుతుంది. దానికి అనుమతి ముందే లేకపోతే డబ్బు మధ్యలో వేలాడుతుంది. చెల్లింపు మొదలుపెట్టాక సెట్టింగ్ మార్చకండి.

అన్నిటికన్నా తలకిందులుగా తోచే సలహా ఇంకొకటుంది. గడువు దగ్గరపడి, ఆ వాక్యం తెర వదలకపోతే, ఆ సైటుతో కుస్తీ ఆపి ఆ కార్యాలయం కౌంటరుకి నడవండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, కళ్యాణ కర్ణాటక పిల్లలకి కావలసిన 371జె సర్టిఫికెట్, ఏదైనా సరే. కర్ణాటకలో 2011 నాటి సకాల చట్టం ఉంది. దాని కిందికి వచ్చే సేవకి దరఖాస్తు తీసుకుంటే జీఎస్‌సీ నంబరున్న రసీదు ఇవ్వాలి. గడువు దాటితే రోజుకి 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడిగే హక్కు ఉంది. తెర మీద గిరగిరా తిరిగే చక్రం దగ్గర ఏ గడువూ మొదలు కాదు, ఏ రసీదూ పుట్టదు. కౌంటరు దగ్గర కాగితం ఇచ్చిన రోజు నుంచి లెక్క నడుస్తుంది. ఆన్‌లైన్‌లోనే చేసుకోమని వెనక్కి పంపితే, ఆ మాట రాసిమ్మని మర్యాదగా అడగండి.

నా కోపం సెంటర్ల మీద కాదు, వాళ్ళు చేతనైనంత సాయం చేస్తున్నారు. సైట్లు తయారుచేసేవాళ్ళ మీద. ఒక కార్యాలయం ఫోన్ నంబరు, పనివేళలు, జతపరచవలసిన కాగితాల జాబితా, ముద్రించుకునే దరఖాస్తు, వీటికి స్క్రిప్టు ఎందుకు కావాలి? ఇవి ఉత్త అక్షరాలు. స్క్రిప్టు ఆపేసినా పేజీ పనికొచ్చేలా ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ 1999లోనే, తన తొలి యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో, అత్యున్నత ప్రాధాన్యం ఇచ్చి రాసింది. తర్వాతి రూపంలో ఆ నియమం అలా లేదు. దాన్ని తీసేయడం పాడు నిర్ణయమని నా అభిప్రాయం. కన్నడ, ఉర్దూ, మరాఠీ, తెలుగు మాట్లాడే జిల్లాలో ముసలాయన ఒకడు పాత ఫోన్ పట్టుకుని వస్తే, అతనికి అందేది ఇంగ్లీషులో ఒక్క ఆజ్ఞ. కనీసం ఆ ఒక్క వాక్యం బదులు, ఏ కచేరీకి ఏ వేళకి వెళ్ళాలో కన్నడలో రెండు లైన్లు రాస్తే పది నిమిషాల పని.

అందుకని ఫిర్యాదు చేయండి. కర్ణాటక ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక జనస్పందన నంబరు 1902. సైటు పనిచెయ్యట్లేదు అని ఊరుకోకండి, అలాంటి ఫిర్యాదు మూసెయ్యడం సులువు. ఏ పేజీ, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ ఫోన్, బ్రౌజర్ ఎన్నో వెర్షన్, తెర మీద కనబడిన వాక్యం అక్షరం పొల్లు పోకుండా చెప్పండి. స్క్రీన్‌షాట్ దాచుకోండి. స్క్రిప్టు లేకుండానే చదవగలిగేలా చిరునామా, పనివేళలు, దరఖాస్తు ఆ పేజీలో పెట్టమని అడగండి. ఫిర్యాదు నంబరు తీసుకుని, జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్ళీ అడగండి.